అక్వేరియంలో నీళ్ళు మార్చాక నల్లా పైపుతో నేరుగా నింపొచ్చా?

బకెట్లు మోయలేక నడుం పోతోంది, నల్లాకు పైపు తగిలించి నేరుగా ట్యాంక్‌లోకి వదిలితే చేపలకు ఏమైనా అవుతుందా అని అడిగారు. వదలొద్దు. అసలు నన్నడిగితే, పైపు అవసరం పడిందంటేనే మీరు నీళ్ళు ఎక్కువ తీసేస్తున్నారని లెక్క. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉండే ట్యాంక్‌లో అంచు దాకా పోసినా 57 లీటర్లకు మించి పట్టవు. వారానికి పావు వంతు మారిస్తే చాలు, అంటే ఒక్క బకెట్. దానికి పైపెందుకు? మన దగ్గర చాలామంది నెలల తరబడి ట్యాంక్ ముట్టుకోరు. ఒక ఆదివారం పూనకం వచ్చి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్ళను సబ్బు పెట్టి తోమి, కొత్త నీళ్ళు నింపుతారు. సోమవారం చేపలు తేలితే షాపువాణ్ణి తిడతారు.

మాది నల్గొండ. పోయిన ఎండాకాలం మా చెల్లెలి కొడుకు మిర్యాలగూడ నుంచి సెలవులకు వచ్చాడు. నేను డ్యూటీలో ఉండగా మామకు సాయం చేద్దామనుకున్నాడు పాపం. మిట్టమధ్యాహ్నం ట్యాంక్‌లో సగం నీళ్ళు తీసేసి, డాబా మీది నల్ల ట్యాంక్ నుంచి వచ్చే నల్లాకు మొక్కల పైపు తగిలించి ఫుల్‌గా తిప్పాడు. మే నెలలో ఆ నీళ్ళు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. కాళ్ళు కడుక్కోవాలన్నా ముందు నాలుగు చెంబులు పారబోయాలి. కాసేపటికి ఫోన్.

"మామా, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నయ్. ఆకలైనట్టుంది, దాణా వెయ్యాల్నా?"

"ఏం వెయ్యకురా, ముందు పైపు బంద్ చెయ్. నేనొస్తున్న."

వచ్చి చూస్తే, పైపు ధారకు ఒక మూల రాళ్ళన్నీ లేచిపోయి అడుగు అద్దం కనిపిస్తోంది. రాళ్ళ కింద పేరుకున్న మడ్డంతా లేచి నీళ్ళు చింతపండు పులుసులా ఉన్నాయి. గోల్డ్ ఫిష్ మొప్పలు ఆపకుండా ఆడిస్తూ మూతి పైకి పెట్టి వేలాడుతోంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఫ్రిజ్‌లో ఉన్న నీళ్ళ బాటిళ్ళను మూతలు బిగించి అలాగే ట్యాంక్‌లో వేశాను. చల్లనీళ్ళు నేరుగా గుమ్మరిస్తే అది మరో దెబ్బ. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, గాలి పంపు ఆగింది. ఇన్వర్టర్ లైన్ ఆ ప్లగ్గుకు లేదు. కరెంటు వచ్చేదాకా చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోస్తూ నిలబడ్డాను. మాలీ చేపలు బతికాయి. గోల్డ్ ఫిష్ రాత్రికి పోయింది. పిల్లవాడు అన్నం సరిగ్గా తినలేదు, చేప కోసం కొడుకుని ఏడిపించానని మా చెల్లెలు ఫోన్‌లో నన్నే కడిగేసింది.

జరిగిందేమిటంటే, వేడి నీళ్ళలో ఆక్సిజన్ నిలవదు. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరకు పడిపోతుంది. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ళ చేప, దానికి అదే ముందు తగులుతుంది. పైగా ఆ రోజు డాబా మీద ఉన్నవి పొద్దున పట్టిన మున్సిపల్ నీళ్ళు, బ్లీచింగ్ వాసన ఇంకా పోలేదు. క్లోరిన్ మొప్పల్ని కాలుస్తుంది, ఫిల్టర్ స్పాంజిలో ఉండి చేపల మలినాన్ని అరిగించే బ్యాక్టీరియానూ చంపుతుంది. అందుకే స్పాంజిని నల్లా కింద కడగొద్దు, ట్యాంక్‌లోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

ఇంకో మాట. మా ఊళ్ళో ఫ్లోరైడ్ భయంతో చేపలకు కూడా ప్లాంటు క్యాన్ నీళ్ళు పోసేవాళ్ళున్నారు. ఫ్లోరైడ్‌తో మా జిల్లా పడ్డ బాధ చిన్నది కాదు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పడింది. కానీ ఆ ప్లాంటు ఆర్వో నీళ్ళలో ఫ్లోరైడ్‌తో పాటు లవణాలూ పోతాయి. అచ్చంగా అవే పోస్తే పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల క్షార గుణం, నిలకడగా ఉండదు. మాలీలు, గప్పీలు లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్ళనే ఇష్టపడే చేపలు. మా బోరు నీళ్ళలో మాలీలు పిల్లలు పెట్టీ పెట్టీ ఇప్పుడు ఎవరికి ఇవ్వాలో తెలియక చుట్టాల ఇళ్ళ మీద పడ్డాను. చేపలకు బోరు నీళ్ళను మించినవి లేవు, ఎవరేమన్నా నా మాట ఇదే. కాకపోతే భూమిలోంచి అప్పుడే తోడిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ. కాబట్టి ఏ నీళ్ళైనా ముందురోజే బకెట్‌లో పట్టి, నీడన, మూత లేకుండా ఉంచండి. క్లోరిన్ కూడా చాలావరకు ఎగిరిపోతుంది. ఆగలేకపోతే షాపులో యాంటీ క్లోరిన్ దొరుకుతుంది. ఎక్కువగా అందులో ఉండేది సోడియం థయోసల్ఫేట్, పాత ఫొటో స్టూడియోల వాళ్ళు వాడిన హైపోనే. రంగు నీళ్ళలా ఉన్న చిన్న సీసాకు వాళ్ళు అడిగే రేటు మాత్రం దోపిడీ.

పోయడానికి మీ నడుం కష్టపడక్కర్లేదు. ట్యాంక్ కన్నా ఎత్తులో గట్టి స్టూల్ వేసి, దాని మీద ఖాళీ బకెట్ పెట్టి, నిలవ నీళ్ళు చెంబుతో అందులోకి తోడుకోండి. గాలి పంపుకు వాడే సన్నటి ట్యూబ్‌తో కిందికి వదిలి, ధార పడే చోట రాళ్ళ మీద ఒక సాసర్ పెట్టండి. అరగంటకు పైనే పడుతుంది, పట్టనివ్వండి. హీటర్ ఉన్నవాళ్ళు నీళ్ళు తీయకముందే దాని స్విచ్ ఆపేయండి, నీళ్ళు తగ్గి బయటపడితే గాజు పగులుతుంది. అయినా నల్గొండలో చేపలకు హీటర్ ఏమిటో, అమ్మేవాడికే తెలియాలి.