తుమ్ములొస్తున్నాయని హెల్త్ ఫామ్‌లో రాస్తే ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: నా వయసు 29. ఏడాది నుంచి ఒక రీసెర్చ్ ల్యాబ్ యానిమల్ హౌస్‌లో చేస్తున్నా, ఎక్కువగా చిట్టెలుకలు, ఎలుకల కేజ్‌లు మార్చే పని. నాలుగు నెలలుగా లోపలికి వెళ్తే చాలు తుమ్ములు, కళ్ళ దురద. సిట్రిజిన్ వేసుకుని నెట్టుకొస్తున్నా. ఇప్పుడు అందరికీ హెల్త్ స్క్రీనింగ్ అంటున్నారు, పెద్ద ఫామ్, బ్లడ్ టెస్టు, ఊదే టెస్టు. ఉన్నది రాస్తే తీసేస్తారేమోనని భయంగా ఉంది. రాయకపోతే ఏమవుతుంది?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: రాయండమ్మా, దాచొద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ల్యాబ్ జంతువుల ఎలర్జీ అయ్యుండే అవకాశమే ఎక్కువ. ఈ పనిలో ఉన్నవాళ్ళలో పది మందికి ఒకరిద్దరికైనా వచ్చేదే ఇది, అది కూడా మామూలుగా చేరిన మొదటి మూడేళ్ళలోపే మొదలవుతుంది, కాబట్టి మీకేదో వింత జబ్బు వచ్చిందని అనుకోవద్దు.

చాలామంది బొచ్చు వల్ల అనుకుంటారు గానీ ఎలుకల విషయంలో అసలు గొడవంతా మూత్రంలో ఉంటుంది. వీటి మూత్రంలో సహజంగానే ప్రోటీన్లు ఎక్కువగా పోతుంటాయి, మగవాటిలో ఇంకా ఎక్కువ, అది కింద వేసిన పొట్టులో ఎండిపోయి, మీరు కేజ్ మార్చి ఆ పొట్టు పారబోసేటప్పుడు కంటికి కనపడని దుమ్ములా గాల్లోకి లేచి ముక్కులోకి పోతుంది. అంటే మీరు చేసే పనే అన్నిటికంటే ఎక్కువ ఎలర్జీ తగిలే పని.

ఇప్పుడు సిట్రిజిన్ గురించి. దాంతో తుమ్ములు తగ్గుతాయి, దురద తగ్గుతుంది, కానీ మీరు పీల్చే దుమ్ము మాత్రం ఏమీ తగ్గదు, అదే నా బాధ. కొంతమందిలో ఈ ఎలర్జీ ముక్కు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల్లోకి దిగి ఆస్తమా అవుతుంది, ఒకసారి ఆస్తమా గట్టిగా పట్టుకున్నాక ఆ పని మానేసినా కొందరికి పూర్తిగా పోదు. ముక్కు దగ్గర ఉన్నప్పుడే పట్టుకుంటే పరిస్థితి చాలావరకు మన చేతిలో ఉంటుంది. స్క్రీనింగ్ పెట్టేదే ఇందుకోసం.

ఫామ్‌లో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది, సెలవుల్లో తగ్గుతుందా, మళ్ళీ డ్యూటీకి వెళ్తే పెరుగుతుందా అని. ఆ ఒక్క ప్రశ్నకు బాగా ఆలోచించి నిజం రాయండి, చాలాసార్లు టెస్టుల కంటే అదే ఎక్కువ చెప్తుంది. ఊదే టెస్టు అంటే స్పైరోమెట్రీ, ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో చూసేది. అది నార్మల్ వచ్చిందని ఆస్తమా లేదని కాదు, ఇవాళ్టి రీడింగ్ దగ్గరుంటే వచ్చే ఏడాది దాంతో పోల్చి చూడొచ్చు. అనుమానం ఉంటే ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే చిన్న పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి రెండు మూడు వారాలు డ్యూటీ రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ రోజుకు నాలుగుసార్లు ఊది రాసుకోమంటారు, విసుగనిపిస్తుంది గానీ చేయండి. ఎలర్జీకి చర్మం మీద చేసే టెస్టు అయితే సిట్రిజిన్ కొన్ని రోజుల ముందే ఆపాలి, లేకపోతే ఎలర్జీ ఉన్నా లేనట్టు చూపిస్తుంది. రక్తంలో చేసే ఐజీఈ టెస్టుకు ఆ ఇబ్బంది లేదు.

ఇక ఉద్యోగం. ఫామ్ ఇచ్చే ముందే అడగండి, ఇది ఎవరు చదువుతారని. పద్ధతిగా నడిచే చోట మీ వివరాలు హెల్త్ విభాగం దగ్గరే ఉంటాయి, మేనేజర్‌కి వెళ్ళేది 'ఈ పనికి ఫిట్' లేదా 'ఈ జాగ్రత్తలతో ఫిట్' అనే మాట మాత్రమే. ముక్కు వరకే ఉన్నవాళ్ళలో చాలామంది పనిలో మార్పులతో కొనసాగుతారు. పొట్టు పారబోసే పని గాలి లాగేసే స్టేషన్‌లో చేయడం, విడిగా గాలి వెళ్ళే కేజ్‌లు వాడడం, గౌను, గ్లవ్స్, ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్-95. మామూలు సర్జికల్ మాస్క్ దీనికి చాలదు, పక్కల నుంచి గాలి దూరుతుంది. బట్టలు అక్కడే మార్చుకుని రండి, ఆ దుమ్ము జుట్టుకూ బట్టలకూ అంటుకుని ఇంటికి కూడా వస్తుంది. ఆస్తమా అని తేలితే మాత్రం జంతువులకు దూరంగా ఉండే పనికి మారాల్సి రావొచ్చు, ఇది మీకు ఇప్పుడే చెప్పడం నా బాధ్యత.

మిగతా టెస్టులు ఎందుకంటే, అవి ఏ జంతువుతో పనిచేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటాయి. ధనుర్వాతం టీకా అందరికీ. కుక్కలూ పిల్లులూ లాంటి రేబిస్ ఉండే అవకాశమున్న జంతువులతో పనిచేస్తే ముందస్తు రేబిస్ టీకా. కోతులతో చేసేవాళ్ళకు టీబీ టెస్టు తప్పనిసరిగా ఉంటుంది, ఎందుకంటే టీబీ వాటి నుంచి మనకే కాదు, మన నుంచి వాటికీ పోతుంది. గొర్రెలూ మేకలూ ఉన్నచోట, ముఖ్యంగా అవి ఈనేటప్పుడు, క్యూ ఫీవర్ అనే బ్యాక్టీరియా జ్వరం భయం ఉంటుంది, అది గుండె వాల్వులకు పట్టుకోవచ్చు కాబట్టి వాల్వు జబ్బు ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

మీకు సంబంధించి ఇంకో మాట. పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ప్రెగ్నెన్సీ వచ్చాక కాదు, ప్లాన్ చేసేటప్పుడే హెల్త్ డాక్టర్‌తో మాట్లాడండి, చిట్టెలుకల నుంచి అరుదుగా వచ్చే ఎల్‌సీఎం వైరస్ కడుపులో బిడ్డకు హాని చేయగలదు, జంతువులకు మత్తిచ్చే గ్యాసుల సంగతి కూడా చూడాలి.

ఎలుక కరిస్తే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, చిన్న గాటే కదా అని వదలకుండా రిపోర్ట్ చేయండి. తర్వాత రోజుల్లో జ్వరం, కీళ్ళ నొప్పులు, ఒంటి మీద మచ్చలు వస్తే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు ఎలుకలతో పనిచేస్తానని చెప్పండి, అది చెప్పకపోతే ఎలుక కాటు జ్వరం ఎవరికీ తట్టదు.

రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం ఇప్పటికే ఉంటే స్క్రీనింగ్ తేదీ దాకా ఆగొద్దు, ఈ వారమే ఛెస్ట్ డాక్టర్‌ని కలవండి. కరిచిన వెంటనే ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, కళ్ళు తిరగడం ఉంటే అది ఎమర్జెన్సీ, నేరుగా ఆస్పత్రికే.