ఏ చేతులు, తమ్ముడూ?

తమ్ముడూ,

వ్యాసం అందింది. మొదటి పేరా బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. "1907 నాటి ఇరవై డాలర్ల బంగారు నాణేన్ని అగస్టస్ సెయింట్ గాడెన్స్ స్వహస్తాలతో మలిచాడు" అని రాశావు. ఏ చేతులు? అప్పటికి కొన్నేళ్లుగా ఆ అమెరికన్ శిల్పి క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. చేతిలో కాగడా, ఆలివ్ కొమ్మతో నడిచొచ్చే స్వేచ్ఛాదేవి ఆలోచన ఆయనదే, కాదనను. కానీ కార్నిష్ అనే ఊళ్లోని తన స్టూడియోలో ఆయన చూసి చెబుతుంటే ప్లాస్టర్ నమూనాలు చేసింది సహాయకుడు హెన్రీ హెరింగ్.

అసలు కథంతా ఆ తర్వాతే ఉంది, నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. పాత గ్రీకు నాణేల్లా బొమ్మ బాగా ఉబ్బెత్తుగా ఉండాలని ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ పట్టు. ఫిలడెల్ఫియా టంకశాలలో ప్రధాన నగిషీకారుడు చార్లెస్ బార్బర్ కుదరదన్నాడు. మామూలు నాణేనికి ప్రెస్సు ఒక్క దెబ్బ చాలు, మొదటి నమూనాకు తొమ్మిది దెబ్బల దాకా కావాల్సి వచ్చింది. అక్కడికి నమూనాలు పట్టుకెళ్లి, బార్బర్‌తో వాదించి, తిరిగొచ్చి ఎత్తు తగ్గించి మళ్లీ చేసింది హెరింగే. అలా మూడు నమూనాలు. ఆగస్టు 3న గురువు సెయింట్ గాడెన్స్ పోయాడు, నాణెం జనం చేతికి రావడం చూడనే లేదు. తేదీ కింద ఆయన పొడి అక్షరాలున్నాయి, హెరింగ్‌వి లేవు. నాణెం మీద లేకపోతే పోనీ, నీ వ్యాసంలోనూ లేకపోతే ఎట్లా?

నాకు ఇంత కోపం ఎందుకో చెబుతాను. ఇరవై ఏళ్ల వయసులో సినిమా బ్యానర్లు వేసే షెడ్డులో పనిచేశాను. గళ్లు గీయడం, రంగు కలపడం, హీరో చొక్కా నింపడం మా కుర్రాళ్ల పని, కళ్లు, పెదాలు, సంతకం గురువుగారివి. ఆయనంటే నాకు ఇప్పటికీ భక్తే. తర్వాత ఆ షెడ్డు మీద వ్యాసం రాసి, ఆరుగురు కుర్రాళ్ల పేర్లూ పెట్టి ఒక వారపత్రికకు ఇచ్చాను. ఎడిటరుగారు ఆరు పేర్లూ కొట్టేశారు. "పాఠకుడికి ఒక్క హీరో చాలయ్యా" అన్నారు. అచ్చయిన పత్రిక పట్టుకుని షెడ్డుకు వెళ్లలేకపోయాను. ఆ కుర్రాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఈ రోజుకీ అదే ఫ్యాషన్, ఎవరి గురించి రాసినా ఒంటరి మేధావి, ఒక్కడే సాధించాడు అని. నువ్వూ అదే దారిలో పోతుంటే చూడలేక ఇంత రాస్తున్నాను.

నువ్వడిగిన కలం పేరు, పారితోషికం సంగతులు తర్వాత చూద్దాం. ముందు మూడో పేజీ చింపెయ్. టంకశాలలో బార్బర్ ఎదుట నమూనాలతో నిలబడ్డ హెరింగ్ దగ్గర మొదలుపెట్టు. ఆదివారంలోపు పంపితే ఊళ్లోనే ఉంటాను, వెంటనే చదువుతాను.

మీ అన్నయ్య