జకాత్ లెక్క కంటే ముందు చెల్లె లెక్క

ప్రశ్న: మౌలానా గారికి సలాం. మాది కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. అబ్బా చనిపోయి మూడేళ్లయింది. ఆయన పేరు మీదున్న రెండెకరాలు ఈ మధ్య అమ్మితే 80 లక్షలు వచ్చాయి. నేను, తమ్ముడు చెరో 40 తీసుకున్నాం. అమ్మ నా దగ్గరే ఉంటుంది. చెల్లె పెళ్లి అబ్బా ఉన్నప్పుడే ఘనంగా చేశాం, భూమి మాట ఎత్తితే తనకేం వద్దంది. వాళ్లాయన జడ్చర్లలో ఆటో నడుపుతాడు, ఇబ్బందుల్లో ఉన్నారని ప్రతి రంజాన్‌కు నా జకాత్‌లోంచి పది వేలు ఇస్తున్నాను. ఇప్పుడు ఈ 40 లక్షల మీద జకాత్ ఎంత? తమ్ముడేమో నూటికి రెండు రూపాయల మిత్తికి ఇద్దామంటున్నాడు, ఇవ్వొచ్చా? పైసలు వచ్చినప్పటి నుంచి ఒకటే టెన్షన్, నిద్ర కూడా సరిగా పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: వఅలైకుముస్సలాం భాయ్. ఏటా పేదల కోసం తీయాల్సిన జకాత్ రెండున్నర శాతం అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు, కానీ మీరు అడగని సంగతే మీ ఉత్తరంలో పెద్దది. ఆ 40 లక్షలు మొత్తం మీవి కావు. మీవి కాని పైసల్లోంచి ఎంత జకాత్ తీసినా అవి మీవైపోవు.

ముందు అబ్బా అప్పులేమైనా ఉంటే అవి తీరాలి. అమ్మ మెహర్, అంటే నిఖా నాడు ఆమెకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము, ఆయన బతికుండగా ఇచ్చారా? ఇవ్వకపోతే అదీ అప్పే. జనాజా లేవకముందు నలుగురు ఆడవాళ్లు చుట్టూ చేరి ‘మెహర్ మాఫ్ చేశానను’ అంటే ఆ ఏడుపులో ఆమె తలూపడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం, దాన్ని మాఫీ అనడానికి నాకైతే నోరు రాదు. అప్పులు, వీలునామా లాంటివేమీ లేక 80 లక్షలూ అలాగే ఉన్నాయనుకుందాం, దాదా, దాదీ కూడా బతికి లేరనుకుందాం. అప్పుడు అమ్మకు ఎనిమిదో వంతు, అంటే 10 లక్షలు. మిగిలిన 70లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. మీకు 28, తమ్ముడికి 28, చెల్లెకు 14. నేను వేసిన లెక్క కాదిది, ఖుర్ఆన్‌లో నిసా సూరా 11, 12 ఆయతుల్లో (వాక్యాల్లో) అల్లాహ్ స్వయంగా వేసిన లెక్క.

ఆ ఆయతులు ఎప్పుడు దిగాయో హదీసుల్లో ఉంది. ఉహుద్ యుద్ధంలో సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యాక ఆయన ఆస్తి మొత్తం ఆయన సోదరుడు తీసేసుకున్నాడు. భార్య తన ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి, ఆస్తి లేకుండా వీళ్ల పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొరపెట్టుకుంది. ఆయతు దిగాక ప్రవక్త (స) ఆ చిన్నాన్నను పిలిపించి, ఆడపిల్లలకు మూడింట రెండు వంతులు, వాళ్ల తల్లికి ఎనిమిదో వంతు ఇవ్వు, మిగిలింది నీది అన్నారు. వాళ్లకు ఇవ్వగా మిగిలిందే ఆయనది అన్నమాట.

ఇక చెల్లె వద్దంది కదా అంటారు. భాయ్, ఏ ఆడపిల్ల కావాలని అడుగుతుంది? అడిగితే పుట్టింటి గడప తొక్కనిస్తారో లేదో, పండక్కి పిలుస్తారో లేదో అన్న భయం ఆమెకు ఉండదా? అందుకే చాలామంది ఉలమా (ధర్మ పండితులు) చెప్పేదేమిటంటే, పంచకముందు నోటితో వద్దన్నంత మాత్రాన ఆమె వాటా పోదు. ముందు ఆమె చేతికివ్వండి, ఆమె ఖాతాలో వేయండి. తర్వాత ఎవరి ఒత్తిడీ లేకుండా తన ఇష్టంతో వెనక్కి ఇస్తే అది వేరే మాట. పెళ్లి ఖర్చు, ఇచ్చిన సామాను ఈ వాటాలో చెల్లు కావు, అవి అబ్బా తన బతుకులో తన బిడ్డకు పెట్టుకున్నవి.

జకాత్ కింద పది వేలు ఇస్తున్నామన్న మాట దగ్గర నాకు చాలా బాధేసింది. పేదరికంలో ఉన్న చెల్లెకు అన్న జకాత్ ఇవ్వొచ్చు, పైగా దానధర్మం పుణ్యం, బంధుత్వం నిలిపిన పుణ్యం రెండూ వస్తాయని హదీసు ఉంది. కానీ 14 లక్షలు చేతిలో పడితే ఆమె జకాత్ తీసుకునే మనిషా, ఇచ్చే మనిషా? మీరు మంచి మనసుతోనే ఇచ్చారు, అందులో నాకు సందేహం లేదు, కానీ ఇకముందు ఆమె వాటాలోంచి ఒక్క రూపాయిని కూడా జకాత్ పేరుతో లెక్కేయకండి. అమ్మ సంగతీ అంతే, మీ దగ్గర తింటున్నారని ఆమె 10 లక్షలు మీవి కావు. అమ్మకు జకాత్ ఇవ్వడం అసలే చెల్లదు, ఆమెను పోషించడం మీ బాధ్యత.

ఇప్పుడు మీ 28 లక్షలు. చాంద్రమాన సంవత్సరం తిరిగేసరికి మొత్తం అలాగే ఉంటే జకాత్ 70 వేలు. మీరు ఏటా ఇస్తున్నవాళ్లే కాబట్టి ఈ పైసలకు కొత్తగా ఏడాది లెక్కపెట్టనక్కర్లేదు, మీ పాత తేదీనాడు చేతిలో ఎంతుంటే అంతటి మీద ఇవ్వాలని హనఫీ సంప్రదాయపు ఉలమా చెబుతారు. ఇంట్లో వాళ్ల బంగారం కూడా చూసుకోమనండి. జకాత్ పడే కనీస పరిమితిని నిసాబ్ అంటారు, బంగారానికి అది ఏడున్నర తులాలంటే పాత తులం లెక్క, సుమారు ఎనభై ఏడున్నర గ్రాములు. దుకాణాల్లో ఇప్పుడు తులమంటే పది గ్రాములే కాబట్టి చాలామంది అక్కడ పొరబడతారు. ఒట్టి బంగారమే ఉంటేనే ఈ లెక్క. దాంతోపాటు నగదు కూడా ఉంటే రెండూ కలిపి వెండి నిసాబ్‌తో, అంటే సుమారు 612 గ్రాముల వెండి ధరతో పోల్చాలి.

మిత్తి మాత్రం వద్దు. నూటికి రెండంటే ఏడాదికి 24 రూపాయలు. బోర్లు ఎండి, అప్పు తీర్చలేక తాళం వేసుకుని వలస పోయిన ఇళ్లు పాలమూరులో ఎన్ని చూడలేదు మనం! అల్లాహ్ వ్యాపారాన్ని హలాల్ చేశాడు, వడ్డీని హరామ్ చేశాడు, అప్పున్నవాడు ఇబ్బందిలో ఉంటే గడువివ్వమన్నాడు, వదిలేస్తే ఇంకా మంచిదన్నాడు (బఖరా 275, 280). తమ్ముడికి పైసలు ఊరికే పడి ఉన్నాయన్న బెంగ ఉంటే ఎవరి దుకాణంలోనైనా భాగస్వామిగా పెట్టొచ్చు, లాభంలో వాటా ఎంతో ముందే రాసుకుని, నష్టమొస్తే తన పెట్టుబడి పోతుందని ఒప్పుకుని పెట్టాలి. లాభనష్టాలతో పని లేకుండా నెలకింత ఖాయంగా ఇమ్మంటే, దాన్ని లాభమని పిలిచినా అది మిత్తే.

నిద్ర పట్టడం లేదన్నారు. ప్రళయ దినాన డబ్బు గురించి రెండు ప్రశ్నలుంటాయని ప్రవక్త (స) చెప్పారు, ఎలా సంపాదించావు, దేనికి ఖర్చు పెట్టావు అని. మీరు నాకు రాసింది రెండోదాని గురించి, మీ నిద్ర చెడగొడుతున్నది మొదటిది అనిపిస్తోంది. తమ్ముడిని కూర్చోబెట్టి ఈ లెక్క కాగితం మీద రాసి చూపండి. దగ్గర్లో వారసత్వ లెక్కలు తెలిసిన ముఫ్తీ ఉంటే ఆయన చేత కూడా చూపించుకోండి, మీ ఇంటి వివరాల్లో నాకు తెలియనివి ఏమైనా ఉండొచ్చు. వెళ్లేటప్పుడు అమ్మను తీసుకెళ్లండి, జడ్చర్ల నుంచి చెల్లెను కూడా పిలిపించుకోండి.