సమాధానం: బారువ తాబేళ్ల పోస్టులు ఎవరూ పట్టించుకోవట్లేదంటే

తమ్ముడూ, మన శ్రీకాకుళం జిల్లా బారువ బీచ్‌లో చచ్చిపడిన తాబేళ్ల ఫొటోలు పెడితే నాలుగు ఏడుపు ఎమోజీలు తప్ప ఏమీ రావట్లేదన్నావు. అలాంటివి చూసి జనం అయ్యో అనుకుని స్క్రోల్ చేసేస్తారు. బదులు, గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు సముద్రంలోకి పాకే వీడియో పెట్టు. గుడ్లు పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది, వారం వారం ఏదో ఒకటి చెప్పొచ్చు. తాబేలు ఊపిరికి పైకి రావాలి, ట్రాలు వలలో, అంటే మరపడవ నీళ్లలో ఈడ్చుకెళ్లే పెద్ద వలలో, చిక్కితే పైకి రాలేక చచ్చిపోతుంది. ఈ ఒక్క ముక్క వల లాగే మామచేతే మన యాసలో చెప్పించు. మత్స్యకారుల్ని తిట్టే క్యాప్షన్లు మాత్రం వద్దు, ఊరి వాట్సాప్ గ్రూపులోంచి ముందు నిన్నే తీసేస్తారు. మనకి ఇన్‌స్టా కంటే ఆ గ్రూపే ముఖ్యం! గుడ్లున్న చోటు లొకేషన్ పెట్టకు. రాత్రి ఫ్లాష్ వాడకు, పిల్లలు వెలుగు వైపు తిరిగి దారి తప్పుతాయి.