ముందు పాట వినిపించు

విజయనగరం

తమ్ముడూ,

బిగ్ స్టార్ బ్యాండు మొదటి ఆల్బమ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. శ్రీకాకుళంలో కూర్చుని, 1972లో అమెరికాలోని మెంఫిస్ కుర్రాళ్ళు చేసిన పాటల గురించి తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నాకు బాగా నచ్చింది. అందుకే దాచకుండా చెబుతున్నాను. సగానికి పైగా ఆ ఆల్బమ్ ఎందుకు అమ్ముడుపోలేదన్న గొడవే ఉంది. పాట ఎక్కడా వినిపించలేదు.

ఆ గొడవ నిజమే. ఆ ఆల్బమ్ తీసిన ఆర్డెంట్ చిన్న కంపెనీ. రికార్డులు షాపులకు చేర్చాల్సిన స్టాక్స్ అనే కంపెనీ వాళ్ళకు నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతం అమ్మడం తెలుసుగానీ ఈ గిటార్ల పాప్ ఎలా అమ్మాలో తెలియలేదు. తర్వాత పంపిణీ కొలంబియా అనే పెద్ద కంపెనీ చేతికి వెళ్ళినా పని జరగలేదు. పత్రికలేమో మెచ్చుకుంటున్నాయి, కొందామని షాపుకెళ్తే రికార్డు లేదు. ఇంతే కదా, నాలుగు ముక్కల్లో అయిపోయింది. పైగా ‘నంబర్ వన్ రికార్డ్’ అని పేరు పెట్టుకున్న ఆల్బమ్‌కు ఈ గతి పట్టిందని పదే పదే రాశావు. దీని మీద రాసే ప్రతివాళ్ళూ అనే మాటే అది. తీసెయ్.

జాలిపడ్డ పాఠకుడు ‘అయ్యో’ అని ఊరుకుంటాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోడు. అతనికి వినాలని నోరూరాలి.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. 1967లో, పదహారేళ్ళ వయసులో, తర్వాత బిగ్ స్టార్‌లో పాడిన అలెక్స్ చిల్టన్ బాక్స్ టాప్స్ అనే బ్యాండుకు ‘ది లెటర్’ అనే పాట పాడాడు. అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. గరగరలాడే ఆ గొంతు వింటే ఎవరో నడివయసు మనిషి అనుకుంటాం. ఇప్పుడు ఈ ఆల్బమ్‌లో ‘థర్టీన్’ పెట్టుకో. ఇరవై దాటిన అదే మనిషి, ఇంకా మీసం మొలవని పిల్లాడిలా పాడతాడు. వయసు పెరిగేకొద్దీ గొంతు చిన్నదైన గాయకుణ్ణి నేను ఇంకెక్కడా వినలేదు. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

ఆ పాట దగ్గర కాసేపు ఉండు. జోడీ స్టీఫెన్స్ లాంటి డ్రమ్మర్ బ్యాండులో ఉన్నాడు, అయినా ఇందులో డ్రమ్స్ లేవు. అకౌస్టిక్ గిటార్లు, ఒక గొంతు, వెనక సన్నగా వచ్చి కలిసే మరికొన్ని గొంతులు, అంతే. బడి నుంచి ఇంటిదాకా తోడు రానా అని ఓ పిల్లాడు పిల్లని అడుగుతాడు. డ్రమ్స్ కొట్టేవాళ్ళు లేకపోయినా తీగలు మీటే వేళ్ళలోనే నడక ఉంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మృదంగం ఊరికే ఉండగా వయొలిన్ మీద తానం సాగడం విన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళకు ‘థర్టీన్’ ఇట్టే పట్టుబడుతుంది. నువ్వేమో ‘బీటిల్స్, బర్డ్స్ ప్రభావం’ అని రాసి వదిలేశావు. బొబ్బిలిలోనో పలాసలోనో ఉన్న పాఠకుడికి ఆ పేర్లు చూస్తే ఏం వినపడుతుంది? అతని చెవికి అలవాటైన దాంతో మొదలుపెట్టు. అలాగని ప్రతి పాటకూ మన జిల్లాల్లోంచి పోలిక వెతక్కు. తప్పెటగుళ్ళను లాక్కొచ్చిన పేరా అతకలేదు, అలాంటి దరువు ఈ ఆల్బమ్‌లో లేదు.

బ్యాండులో మరో గాయకుడు క్రిస్ బెల్ గురించి రాసింది చదివి బాధ కలిగింది. 27 ఏళ్ళకే, 1978లో, కారు ప్రమాదంలో పోయాడు, నిజం. కానీ నీ వ్యాసంలో అతను చనిపోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. మొదటి పాట ‘ఫీల్’లో చీల్చుకుంటూ పైకి పోయే గొంతు అతనిదే. స్టూడియోలో గొంతుల మీద గొంతులు పేర్చడానికి అంత ఓపిక పట్టినవాడూ అతనే. ఆ పని చెప్పు. చావుకు ఒక వాక్యం చాలు.

ఇక ‘ది ఇండియా సాంగ్’. బ్యాండులో బేస్ గిటార్ వాయించే ఆండీ హమ్మెల్ రాసింది. మన దేశం పేరుందని మురిసిపోయి దాన్ని ఆకాశానికెత్తేశావు. అడవిలో పెద్ద తెల్లటి బంగళా, పియానో, ఇది మనకు తెలిసిన ఇండియా కాదు. పాటగా కూడా పలచన. ఆల్బమ్ మొత్తంలో ఇదొక్కటి తేలిపోయిందని ధైర్యంగా రాయి. అప్పుడే మిగతా పాటల మీద నీ మెచ్చుకోలును నమ్ముతారు.

రికార్డు రెండో వైపున్న ‘వాచ్ ద సన్‌రైజ్’ గురించి ఒక్క ముక్క లేదేం? మొదట్లో గిటార్ ఒక్కటే ఎలా మోగుతుందో, గొంతు ఎక్కడ అందుకుంటుందో విని, అది మాత్రం రాసి పంపు. వ్యాసం మొత్తం తిరగరాసే హడావుడి ఇప్పుడే వద్దు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య