డయాలసిస్ కుర్చీలో ప్రార్థన

ప్రశ్న: మావారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మా సంఘంలో 21 రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఆయన కూడా ఉపవాసం ఉంటానంటున్నారు. ఆ రోజుల్లో ఒక డయాలసిస్ మానేసి చూద్దామని, అదే విశ్వాసమని పట్టుబడుతున్నారు. ఎలా నచ్చజెప్పాలి?
- ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: ముందు డయాలసిస్ సంగతి చూద్దామమ్మా. ఒక్కటి మానేసినా ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి రావచ్చు, అప్పుడు పడుకుంటే ఆయాసమొస్తుంది. పొటాషియం పెరగడం ఇంకా ప్రమాదం. ముందుగా ఏ సూచనా లేకుండానే గుండె లయ తప్పవచ్చు. కాబట్టి మానే ప్రసక్తే వద్దు. ఆయన వాక్యం అడిగితే రెండవ రాజులు 20వ అధ్యాయం తీసి చూపించండి. హిజ్కియా రాజు చావు జబ్బులో కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఆ వెంటనే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. దేవుని మాట వచ్చింది కదా, మందెందుకు అని ఎవరూ అనలేదు.

ఉపవాసం కూడా డాక్టర్‌ను అడగకుండా వద్దు. షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునేవారైతే అసలే వద్దు. కిడ్నీలు పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ఉపవాసం విడిచే వేళ కూడా ముప్పే. కొబ్బరినీళ్లు, బత్తాయి రసం, అరటిపండు, ఖర్జూరం అన్నిటిలోనూ పొటాషియమే. పైగా రోజంతా ఎండిన గొంతుతో గ్లాసు మీద గ్లాసు తాగేస్తే, డాక్టర్ చెప్పిన నీళ్ల లెక్క ఒక్క పూటలో దాటిపోతుంది.

ఆయన బదులు మీరు ఒక పూట మానుకోండి, అది కూడా మీ ఒంట్లో బాగుంటేనే. ఆయన రాత్రి టీవీ కట్టేసి ఆ గంట దేవునికివ్వవచ్చు. ప్రభు బల్లలో ఇచ్చే చిన్న గిన్నెడు ద్రాక్షరసంతో ఇబ్బంది లేదు.

పాస్టర్ గారు నూనె రాసి ప్రార్థిస్తానంటే నుదుట ఒక్క చుక్క చాలు. డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం పెట్టి ఉంటే ఆ కట్టు మీద నూనె పడకూడదు, అక్కడి సూక్ష్మక్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి చేసిన చోటు) ఉన్న చేతిని పట్టుకుని నొక్కుతూ ప్రార్థించవద్దని ముందే చెప్పండి. చేతులు భుజం మీద ఉంచితే సరిపోతుంది.

ప్రశ్న: నాలుగు గంటలు కుర్చీలో కూర్చుంటాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాదు. కళ్లు మూస్తే భయం. నా విశ్వాసం పోయిందా?
- ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: మాట రాకపోవడం విశ్వాసం పోవడం కాదు. మాట రానివారి కోసమే కీర్తనల గ్రంథంలో మాటలు రాసిపెట్టి ఉన్నాయి. 13వ కీర్తన ఆరే వచనాలు. ‘ఎన్నాళ్లవరకు’, ‘ఎంతవరకు’ అని మళ్లీ మళ్లీ అడుగుతుంది, సణుగుడని ఎవరూ దాన్ని తీసేయలేదు. 88వ కీర్తనైతే చివరిదాకా చీకటిలోనే ఉండి చీకటి మాటతోనే ఆగిపోతుంది. భయం ఎక్కువైన రోజున ఉత్సాహపు కీర్తన వెతుక్కోవద్దు, ఇదే చదవండి.

ఎప్పుడు చదవాలన్నదీ ముఖ్యమే. చివరి గంటలో బీపీ పడిపోయి కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం జరుగుతుంది. అందుకే సూదులు పెట్టి యంత్రం తిరగడం మొదలైన మొదటి అరగంట వాడుకోండి. సూది ఉన్న చెయ్యి కదలకూడదు. లావుపాటి బైబిల్ ఒక్క చేత్తో నిలవదు, కాబట్టి కీర్తనను పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. అదీ చదవలేని రోజున ఊపిరి పీలుస్తూ ‘ప్రభువా’, వదులుతూ ‘కనికరించు’ అనుకోండి. పది ఊపిరులు చాలు. పక్క కుర్చీలో ఉన్నవారి పేరు తెలిస్తే ఆ పేరు కూడా కలపండి. ఇంటికొచ్చాక ఒళ్లు తెలియని నీరసం ఉంటుంది. సాయంత్రం ప్రార్థన మాని పడుకున్నారని మీ మీద మీరే నేరం మోపుకోవద్దు.

ఒక్క హెచ్చరిక: రెండు వారాలుగా నిద్ర, ఆకలి లేక దేని మీదా మనసు పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు. దానికీ చికిత్స ఉంది, మీ డాక్టర్‌కు చెప్పండి. ‘ఇక డయాలసిస్ ఎందుకు’ అనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: దాచిన పాపం ఉండబట్టే నాన్నకు తగ్గడం లేదని ప్రార్థనకొచ్చినవాళ్లు మంచం పక్కనే అంటున్నారు. ఏమనాలి?
- ఒక కుమార్తె, రాజమండ్రి

జవాబు: పుట్టుగుడ్డివాని గురించి శిష్యులూ ఇదే అడిగారు. వీడుగానీ వీని తల్లిదండ్రులుగానీ పాపం చేసినందుకు కాదని యేసు చెప్పాడు (యోహాను 9). అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ పోవాలని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. తన తోటివాడు త్రోఫిమును రోగంతోనే మిలేతు పట్టణంలో విడిచి వచ్చానని ఆయనే రాశాడు. యాకోబు 5:14లో పెద్దలను పిలిపించేది రోగి. అంటే ఎవరు రావాలో, ఎంతసేపు ఉండాలో మీ నాన్నగారే చెప్పవచ్చు. ‘ఐదు నిమిషాలు ప్రార్థన చేయండి, నాన్న అలసిపోయారు’ అని గుమ్మం దగ్గరే చెప్పండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లను ఫోన్‌లో ప్రార్థించమనండి.