మా ఇంటికి సకినం ఎట్లా వచ్చిందంటే

"కుక్కపిల్లను పెంచుకుందామంటే ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటే వద్దంటున్నారు, ఎలా ఒప్పించాలి?" అని అడిగారు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది హన్మకొండ. బాపు కాజీపేట లోకోషెడ్‌లో చేసి రిటైరయ్యాడు. 2023 సంక్రాంతికి అక్కకు పెళ్లయిన తొలి పండుగ. అత్తగారింటికి సారె పంపాలి, మా దిక్కు సారె అంటే ముందు సకినాలే. కొత్త బియ్యం నానబోసి పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, వాడకట్టు ఆడవాళ్లంతా కూర్చొని హాల్లో పరిచిన పాత ధోవతి మీద వరుసలు వరుసలుగా చుట్టారు. చుట్టిన సకినం కాస్త ఆరితేనే నూనెలో వెయ్యాలి, పచ్చిగా ఉంటే చేతిలోకి తీసేటప్పుడే విరిగిపోతుంది. సరిగ్గా ఆ ఆరే టైములోనే మా తమ్ముడు చలికి వణుకుతున్న వీధి కుక్కపిల్లను స్వెట్టర్‌లో దాచుకొని తెచ్చి హాల్లో దించాడు.

అది ధోవతి ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచింది. కాలికి తడిపిండి అంటుకుంటే ఆగి నాక్కోవడం, మళ్లీ నాలుగడుగులు వేయడం. పట్టుకుందామంటే మనం సకినాలు తొక్కాలి, అందుకని తొమ్మిది మంది ఆడవాళ్లు పిండి చేతులతో ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. బాపు గట్టిగానే చెప్పాడు, "పొద్దుగూకేలోపు యాడికెళ్లి తెచ్చినవో ఆడనే ఇడిసిపెట్టి రా. గంతే."

అదేమో ధోవతి చివరన ముక్కు తోకలో పెట్టుకొని గుండ్రంగా ముడుచుకొని నిద్రపోయింది. నాయినమ్మ కళ్లద్దాలు సర్దుకొని వంగి చూసి, "అయ్యో, గిదొక సకినం గదనే!" అంది. పేరు పడ్డాక ఇంక ఎవరు వదిలిపెట్టి వస్తారు?

"దానికి నాకు సంబంధం లేదు" అన్నాడు బాపు. కానీ ముప్పై ఏళ్లు డ్యూటీకి లేచిన మనిషి, తెల్లారి నాలుగింటికే మెలకువ వస్తుంది. ఆ టైములో ఇంట్లో లేచేది ఇంకొకరు సకినమే. నెల తిరగకముందే బాపు పాత డ్యూటీ డైరీలో కొత్త పేజీ కనిపించింది: "5.10 పెరుగన్నం, సగం తిన్నది. 6.00 బయటికి. దొడ్డికి సరిగనే పోయింది." అమ్మ అది చూసి, "నాకు జరమొస్తే ఏనాడన్న గిట్ల రాసినవా?" అని రెండు రోజులు బాపుతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ డైరీలోనే అమ్మ బీపీ కూడా రాయడం మొదలైంది. ఇప్పటికీ ఎడమ పేజీ అమ్మది, కుడి పేజీ సకినానిది.

ఒక విషయం మాత్రం మీరు నవ్వులాటగా తీసుకోవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా పడాలి, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి చొప్పున నాలుగు నెలల వయసు దాకా బూస్టర్లు, మూడో నెల నిండాక రేబిస్ టీకా. మేము మొదటి టీకాకే "వచ్చే వారం, వచ్చే వారం" అంటూ ఆలస్యం చేశాం. ఫిబ్రవరిలో పార్వో వచ్చింది, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. వాంతులు, నెత్తురు విరేచనాలు, నీళ్లు కూడా కడుపులో ఆగలేదు. ఈ వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, ఒంట్లో నీరు పోకుండా కాపాడుకుంటూ ఉంటే దాని ప్రాణమే కొట్లాడాలి. ఐదు రోజులు బాపు సెలైన్ సీసా పట్టుకొని స్టూల్ మీద కూర్చున్నాడు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుందని డాక్టర్ చెప్తే, రోజూ బ్లీచింగ్ నీళ్లతో వాకిలంతా కడిగాడు. ఆరో రోజు పొద్దున సకినం లేచి బాపు చెప్పు నోట కరుచుకుంది. ఆ చెప్పు ఇప్పటికీ దాని దగ్గరే ఉంది, బాపు అడగలేదు.

ఆ ఐదు రోజుల్లో నాయినమ్మ ఎవరికీ చెప్పకుండా సమ్మక్క తల్లికి మొక్కిందట, పిల్ల బతికితే నిలువెత్తు బంగారం ఇస్తానని. మేడారం సమ్మక్క జాతరలో బంగారమంటే బెల్లమే, నిలువెత్తు అంటే ఒంటి బరువంత. జాతర రెండేళ్లకోసారి కదా, 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మొక్కు తీర్చాలంటే ముందు తూకం తెలియాలి. సకినం త్రాసు మీద నిలబడదు. బాపు దాన్ని ఎత్తుకొని నిలబడ్డాడు, 91 కిలోలు. దించి ఒక్కడే నిలబడ్డాడు, 78. అంటే సకినం 13. కానీ ఆ లెక్క ఎవరూ వినలేదు. రిటైరైనప్పటి నుంచి బాపు 70 కిలోలే అని చెప్తుండేవాడు. అమ్మ ఏమీ అనకుండా డైరీ తెప్పించి ఎడమ పేజీలో తన బీపీ కింద "ఆయన 78" అని రాయించింది.

బెల్లం షాపులో ఇంకో ముచ్చట. గుడుంబా (నాటుసారా) కాయడానికి పోతుందని ఆ జాతరప్పుడు బెల్లం కొనేవాళ్ల ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు. ఎవరి మొక్కు అని కూడా అడిగాడు షాపాయన. "మా ఇంటి ఆడపిల్లది" అంది నాయినమ్మ. "పేరేంటమ్మా?" "సకినం." ఆయన పెన్ను ఆపి బాపు మొహం చూశాడు. "అట్లనే రాయన్నా" అన్నాడు బాపు, ఏడాది కింద దాన్ని పొద్దుగూకేలోపు వదిలేసి రమ్మన్న బాపే.

జాతర నుంచి వచ్చిన రాత్రి నాయినమ్మ ప్రసాదం చిటికెడు తీసి సకినం నోటికి అందించబోయింది. బాపు పరుగున వచ్చాడు, "అమ్మా, డాక్టర్ దానికి తీపి పెట్టొద్దన్నడే!"

"తీపి కాదురా కొడుకా, బంగారం" అని నోట్లో పెట్టేసింది. బాపు డైరీ తెరిచి టైము చూసుకొని రాసుకున్నాడు: "9.40. బంగారం, చిటికెడు."